పదకొండు మీటలు

ఆసుపత్రి నుంచి వచ్చిన ఫోను పెట్టేసి చీమ కుర్చీకి అతుక్కుపోయిందని చెప్పి పోయినవారం ఆపాం. మనకి వారం గడిచింది గానీ ఆమెకి గడిచింది అరగంటే. మంగళవారం, మధ్యాహ్నం రెండున్నర. లేచింది, గ్లాసుడు మంచినీళ్లు తాగింది, వచ్చి మళ్లీ ఆ కుర్చీలోనే కూలబడింది.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. చీమ అన్నది బాబాయి పెట్టిన పేరు. చిన్నప్పుడు ఒకచోట కుదురుగా ఉండకుండా దొరికిందల్లా మోసుకుపోయేదట. ముప్ఫైనాలుగేళ్లు వచ్చినా, పేరున్న కంపెనీలు రెండుసార్లు పిలిచినా, ఆ పేరూ పోలేదు, ఆమె కూడా ఎక్కడికీ పోలేదు. బాబాయి, ఆయన భార్య అయిన పిన్ని, చీమ, ఈ ముగ్గురే కళ్లద్దాల షాపు మీదున్న రెండు గదుల్లో ఒకే ఒక్క ప్రోగ్రాము చేస్తారు. పేరు ‘మాటతోడు’. పక్షవాతం వల్లో గొంతు ఆపరేషన్ వల్లో మాట పోయినవాళ్లు తెర మీద బొమ్మలు నొక్కితే అది వాళ్ల తరఫున మాట్లాడుతుంది. నాలుగు వేలమంది వాడతారు. అందులో సగంమందికి పొద్దున లేచి మంచినీళ్లు అడగాలన్నా అదే దిక్కు.

ఫోను చేసింది ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే ఆయన. మంచి జాగ్రత్తపరుడు. ఒక కంప్యూటర్‌లో తేదీని వచ్చేవారానికి జరిపి, అన్ని ప్రోగ్రాములూ తెరుచుకుంటున్నాయో లేదో చూసుకున్నాడు. మాటతోడు తెరుచుకోలేదు. దీన్ని ఎవరు చేశారో నమ్మకం కుదరడం లేదని కంప్యూటర్ దాన్ని గడప దగ్గరే ఆపేసింది. శుక్రవారం దాటితే వార్డులన్నిటిలో ఇదే పరిస్థితి, ఏం చేయమంటారు అని ఆయన అడిగాడు. రేపు చెబుతానంది చీమ.

ఏం జరిగిందో ఆమెకి అప్పటికే తెలుసు. ఒక ప్రోగ్రాము ఫలానావాళ్లు చేసిందేననీ, దారిలో ఎవరూ వేలు పెట్టలేదనీ కంప్యూటర్ నమ్మాలంటే దాని మీద డిజిటల్ సంతకం ఉండాలి. ఆ సంతకం పెట్టే హక్కు ఒక సర్టిఫికెట్ ఇస్తుంది. బాబాయి పేరు మీదున్న సర్టిఫికెట్ గడువు శుక్రవారంతో సరి. కొత్తదానికి అర్జీ వెళ్లింది గానీ, వాళ్లు పత్రాలు చూసి, ఫోన్లో నిర్ధారించుకుని, పోస్టులో పంపేసరికి నెల పడుతుంది. అయినా కొంప మునిగేదేమీ ఉండకూడదు. సంతకం పెట్టేటప్పుడే తేదీ ముద్ర కూడా వేయించుకుంటే, ఆ నాటికి సర్టిఫికెట్ బతికే ఉందని ఆ ముద్ర సాక్ష్యం చెబుతుంది, గడువు దాటాక కూడా సంతకం చెల్లుతుంది. ముద్ర లేకపోతే సర్టిఫికెట్ పోయిన రోజే సంతకమూ పోతుంది.

చీమ పాత వెర్షన్లన్నీ వరసగా తెరిచి చూసింది. పది నెలల కిందటిదాకా ప్రతిదానికీ ముద్ర ఉంది. ఆ తర్వాత విడుదల చేసిన ఏడింటిలో ఒక్కదానికీ లేదు.

ఆ ఆఫీసులో సంతకం పెట్టేది బాబాయి ఒక్కడే.

అదో తంతు. కొత్త వెర్షన్ సిద్ధమైన రోజు మూడు గంటలకి ఆయన లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటాడు. కళ్లజోడు తుడుచుకుంటాడు. సర్టిఫికెట్ ఉండే టోకెన్‌ని, అదే వేలెడంత పెన్‌డ్రైవ్ లాంటిదాన్ని, పాత కళ్లజోడు డబ్బాలోంచి తీసి కంప్యూటర్‌కి పెడతాడు. నల్లటి తెర మీద, సంతకం పెట్టమని కంప్యూటర్‌కి చెప్పే పొడవాటి ఆజ్ఞని ఎక్కడా చూడకుండా కంఠతా కొడతాడు. ఆ పనంతా దానంతట అదే జరిగేలా చిన్న ప్రోగ్రాము రాసిస్తానని చీమ మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ససేమిరా అన్నాడు. సంతకం అనేది మనిషి కూర్చుని, ఒళ్లు దగ్గర పెట్టుకుని పెట్టాలి, దాన్ని మరకి అప్పజెబితే ఇక మనం ఉండి ఎందుకు అన్నాడు. ఆ మాట చీమకి నచ్చింది కూడా. తలుపు మూసి ఉన్నంతసేపూ ఎవరూ కొట్టకూడదన్నది ఆ ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క రూలు.

ఇవాళ కొత్త వెర్షన్ సిద్ధంగా ఉంది. మూడు కావడానికి పావుగంట ఉంది.

చీమ ముందుగదిలో పిన్ని వైపు చూసింది. పిన్ని ఫోన్ల బల్ల దగ్గర కూర్చుని పెన్నుకి రీఫిల్ మారుస్తోంది. వాడేవాళ్ల ఇళ్లనుంచి వచ్చే ఫోన్లన్నీ ఆవిడే చూస్తుంది. అందులో ఓ తమాషా ఉంది. మాటతోడులో పలికేది పిన్ని గొంతే. ఇరవైరెండేళ్ల కిందట బాబాయి ఇంట్లో పరుపులన్నీ గోడలకి ఆనించి, కిటికీకి దుప్పటి కప్పి, పెళ్లాన్ని స్టూలు మీద కూర్చోబెట్టి నాలుగు వేల మాటలు చదివించాడు. ‘కోపం’ అన్న మాట సరిగ్గా రావడం లేదని ఆవిడకి కావాలని కోపం తెప్పించి మరీ రికార్డు చేశాడట. ఆ సంగతి చెప్పి పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది.

మగవాళ్ల కోసం బాబాయి గొంతు కూడా ఉంది గానీ, దాన్ని ఎంచుకునేవాళ్లు వేళ్ల మీద లెక్క. రిటైరైన బస్సు డ్రైవరుగారు ఒకాయన ఉన్నాడు. మీకు ఆడగొంతు ఎందుకండీ అని అడిగితే, నా గొంతుతో ముప్ఫై ఏళ్లు జనాన్ని తిట్టాను, ఇప్పుడైనా మెత్తగా మాట్లాడనివ్వండి అని పిన్ని గొంతుతోనే జవాబు చెప్పాడు. రోజూ ఎవరితోనైనా ఫోన్లో మాట్లాడమని డాక్టరు చెప్పిందట. మంగళవారం పిన్ని వంతు. మూడు దాటాక చేస్తాడు. పాతికేళ్ల నా గొంతు యాభైకి దగ్గరపడ్డ నాతో కబుర్లాడుతోంది, ఇంతకన్నా ఏం కావాలి అంటుంది పిన్ని.

ఈవిడకి ముందు చెబుదామా అనుకుంది చీమ. పది నెలలుగా బాబాయి చేత్తో జరుగుతున్న పొరపాటు అది. ఒకసారి జరిగితే పరాకు అనుకోవచ్చు. ఏడుసార్లు వరసగా జరిగిందాన్ని ఏమనాలో ఆమెకి తోచలేదు, తోచినదాన్ని లోపల అనుకోవడానికి కూడా ధైర్యం చాల్లేదు. పైగా ఆ ముద్ర గురించి ఆమెకి నేర్పింది ఆయనే. పందొమ్మిదేళ్ల వయసులో, నేర్చుకునే రోజుల్లో ఓ ఉత్తుత్తి ఫైలు మీద ఒక్కసారి మర్చిపోయినందుకు ఆయన సాయంత్రందాకా మాట్లాడలేదు. సంతకం కన్నా ముద్ర ముఖ్యం, రాసిపెట్టుకో అన్నాడు.

ఎదురుగా బాబాయి కళ్లజోడు డబ్బా చేత్తో పట్టుకుని లేచాడు. కింద కళ్లద్దాల షాపాయన మీద ఏదో విసుక్కుంటూ లోపలికి నడిచాడు. ఈమధ్య ఆయనకి అదొక్కటే గొడవ. ఆ షాపాయన బంకలా పట్టుకున్నాడనీ, తను ఏ బస్సెక్కితే అదే బస్సు ఎక్కుతున్నాడనీ, దారి పొడుగునా లెన్సుల గురించి విని విని చెవులు చిల్లులు పడుతున్నాయనీ. తలుపు మూసుకుంది.

చీమ వెళ్లి తలుపు మీద రెండుసార్లు కొట్టింది. వెనక పిన్ని తలెత్తి చూసిందని వీపుకి తెలిసింది.

"కొంప అంటుకుందా?" అన్నాడు బాబాయి లోపల్నించి.

"లేదు బాబాయ్. ఇవాళ నీ పక్కన కూర్చుని చూస్తాను."

ఆయన తలుపు తీసి ఎగాదిగా చూశాడు. తర్వాత ఆ ఆలోచన నచ్చినట్టే ఉంది, మూలనున్న స్టూలు లాగాడు. ఎన్నాళ్లకి బుద్ధి పుట్టింది, చూసి నేర్చుకో అన్నాడు. టోకెన్ పెట్టాడు. కొట్టడం మొదలుపెట్టాడు. ఆయన వేళ్లు కీబోర్డు మీద ఎప్పట్లాగే చకచకా నడిచాయి. చీమ ఆ వరుసని చదువుతూ వచ్చింది. సంతకం, సర్టిఫికెట్ పేరు, ఫైలు పేరు. ముద్ర వేయించే ముక్క రావాల్సిన చోటు వచ్చింది, దాటిపోయింది. బాబాయి చిటికెన వేలు ఎంటర్ మీదికి వెళ్లింది.

"బాబాయ్, ముద్ర?"

"ఏం ముద్ర?"

ఆయన మొహంలో ఆటపట్టించే కళ లేదు. నిజంగానే అడుగుతున్నాడు.

తేదీ ముద్ర అని మెల్లిగా చెప్పింది. ఆయన మొహం ఎర్రబడింది. నువ్వు పలక పట్టకముందు నుంచీ ఈ పని చేస్తున్నా, ఇవాళ నాకు పాఠాలు చెప్పడానికి తలుపు కొట్టావా అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన ఆమెతో ఆ గొంతుతో మాట్లాడింది లేదు. చీమ ఎదురు చెప్పలేదు. తన లాప్‌టాప్ తెచ్చి, పాత వెర్షన్ ఒకటీ, పోయిన నెల వెర్షన్ ఒకటీ పక్కపక్కన తెరిచి, సంతకాల వివరాలు చూపించింది. ఒకదాంట్లో తేదీ ఉన్న చోట రెండోదాంట్లో ఖాళీ ఉంది.

బాబాయి కళ్లజోడు తీసి చూశాడు. పెట్టుకుని చూశాడు. తర్వాత చాలాసేపు ఏమీ చూడలేదు.

"ఎన్ని?"

"ఏడు."

"ఎప్పట్నించి?"

"పది నెలలు."

ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టి కాగితం ముక్కలు తీసి బల్ల మీద పరిచాడు. బస్సు టిక్కెట్ల వెనక, రసీదుల వెనక, ఆయన గుండ్రటి చేతిరాత. ‘నాలుగో స్టాపులో దిగాలి.’ ‘దిగాక కుడివైపు, మందుల షాపు దాటాక మెట్లు.’ ‘పొయ్యి కట్టేశాను.’ ‘చీమ పుట్టినరోజు వెళ్లిపోయింది, చెప్పాను.’ చీమ చివరి చీటీని రెండుసార్లు చదివింది. ఆ పుట్టినరోజుకి ఆయన రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండోసారి చేస్తే, ఎంత ముద్దో నామీద అని మురిసిపోయింది.

"పోయిన చలికాలంలో ఒకరోజు బస్సు దిగాను," అన్నాడు బాబాయి. "రోజూ దిగే స్టాపే. దిగాక ఎటు పోవాలో తెలియలేదు. దారి మర్చిపోయినట్టు కాదే చీమా. మర్చిపోయానని తెలిస్తే గుర్తు తెచ్చుకోవచ్చు. అక్కడ దారి అంటూ ఒకటి ఉన్నట్టే అనిపించలేదు. అలా నిలబడిపోయాను. అదృష్టం బాగుండి మన షాపాయన ఎక్కడ్నించో ఊడిపడ్డాడు. కబుర్లు చెబుతూ ఇంటిదాకా వచ్చాడు. అప్పుడు పట్టుకున్నాడు, ఇంకా వదల్లేదు."

చివరి మాటకి తనే నవ్వబోయి మానేశాడు. డాక్టరుకి చూపించుకున్నావా అని చీమ అడిగింది.

"చూపిస్తే దానికో పేరు పెడతారు. పేరంటూ వచ్చాక మీ పిన్నికి చెప్పాలి. నువ్వు చెప్పకు."

చీమ తల ఊపింది. అలా ఊపడం తప్పని తెలుసు. అయినా ఆయన కళ్లలోకి చూస్తూ అడ్డంగా ఊపడం ఆమె వల్ల కాలేదు. ఆమెకి ఏడుపు వచ్చింది. ఏడిస్తే ఆయన ఓదార్చాల్సి వస్తుందని, ముక్కు ఎగబీల్చి, స్టూలు దగ్గరికి జరుపుకుంది.

అంత పెద్ద కష్టంలోనూ ఒక మేలుంది. ఇవాళ మంగళవారమే. శుక్రవారం లోపల ముద్రతో కలిపి మళ్లీ సంతకాలు పెట్టి కొత్త వెర్షన్ని అందరికీ పంపేస్తే, పాతవి పోయినా ఎవరి మాటా ఆగదు. సంతకాలు పెట్టాల్సిన ఫైళ్లు మూడు. ఒకటి బొమ్మల తెర, ఒకటి ప్రోగ్రాముని కొత్తది చేసేది, మూడోది గొంతు. నువ్వు కొట్టు, నేను చదువుతాను అంది చీమ. పన్నెండేళ్లప్పుడు ఆయన పక్కన నిలబడి చదువుతుంటే తను ఒక్కో వేలితో కొట్టేది. ఆ సంగతి ఆయనకి గుర్తుందో లేదో అడగలేదు. ఆయన సరేనన్నాడు.

ఆమె ఒక్కో ముక్కా చదివింది, ఆయన కొట్టాడు. ముద్ర ముక్క దగ్గర కాస్త గట్టిగా చదివింది. ఎంటర్ నొక్కగానే టోకెన్ పాస్‌వర్డ్ అడిగింది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు మొహం తిప్పుకోవడం ఆ వృత్తిలో మర్యాద. చీమ కిటికీ వైపు తిరిగింది. బయట షాపు బోర్డు మీది పెద్ద కళ్లజోడు వెనక్కి తిరిగి కనిపిస్తోంది. వద్దనుకున్నా చెవులు లెక్కపెట్టాయి. పదకొండు మీటల చప్పుడు, చిన్న విరామం, ఎంటర్.

సంతకం పడింది. కింద ముద్ర కూడా పడింది. మంగళవారం, మూడూ ఇరవై ఆరు.

ఇద్దరూ ఆ అంకెల వైపు చూస్తూ కూర్చున్నారు. బాబాయి మొహంలోకి కాస్త రంగు వచ్చింది. రెండో ఫైలూ అలాగే అయిపోయింది. చదవడం, కొట్టడం, మొహం తిప్పుకోవడం, పదకొండు మీటలు. చీమకి ప్రాణం లేచివచ్చినట్టయింది. ఆ సంబరంలోనే తెలివితక్కువ పని చేసింది. నిజానికి అది తెలివైన పనే. ముందుచూపున్న ఎవరైనా అదే అడుగుతారు.

"బాబాయ్, ఆ పాస్‌వర్డ్ ఎక్కడా రాసిపెట్టలేదుగా. నాకొకసారి చెప్పు, రాసుకుంటాను."

ఆయన చెప్పడానికి నోరు తెరిచాడు. మొదటి అక్షరం దగ్గరే ఆగాడు. కళ్లు మూసుకున్నాడు, తెరిచాడు. బల్ల మీదున్న తన చేతుల వైపు, అవి ఎవరివో అన్నట్టు చూశాడు.

"రావడం లేదే. చేతికి వచ్చు. నాకు రాదు."

పోనీ వద్దులే, అవసరం లేదులే అంది చీమ గబగబా. అప్పటికే ఆలస్యమైంది. జడ అల్లే చేతుల్ని ముందు ఏ పాయ పైకి వెళ్తుందని అడిగితే ఆగిపోయినట్టే, మూడో ఫైలు దగ్గర ఆయన వేళ్లు ఆగి ఆగి నడిచాయి. ఆయన వాటిని కనిపెట్టి చూస్తున్నాడు. తొమ్మిది మీటలే వినిపించాయి. తప్పు అంది టోకెన్. ఆయన చెమట తుడుచుకుని మళ్లీ కొట్టాడు. మధ్యలో రెండుసార్లు చెరిపాడు. మళ్లీ తప్పు అంది. తెర మీద ఎర్రటి గీత కింద ఒక వాక్యం వచ్చింది. ఇక ఒక్క ప్రయత్నమే మిగిలి ఉంది, అదీ తప్పితే ఈ టోకెన్ శాశ్వతంగా మూసుకుపోతుంది.

అంటే కొత్త సర్టిఫికెట్ వచ్చేదాకా నెల రోజులు. ఆ నెలంతా ఆసుపత్రిలో తెర మీద బొమ్మలు కనిపిస్తాయి, నొక్కితే నొక్కు పడుతుంది, నోరు మాత్రం పెగలదు. మిగిలింది గొంతు ఫైలే మరి. చీమకి తన నాలుక కోసేసుకోవాలనిపించింది. ఇవాళ్టికి ఆపేసి లేవమందామా, రేపు ప్రయత్నిద్దామా అంటే, రేపటికి ఈ చేతులకి ఎంత గుర్తుంటుందో ఎవరు చెప్పగలరు? ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకి తనమీద తనకే అసహ్యం వేసింది.

తలుపు తెరుచుకుంది. ఎవరూ కొట్టలేదు, తెరుచుకుంది. గుమ్మంలో పిన్ని, చేతిలో ఫోను.

బాబాయి బల్ల మీది చీటీలని అరచేత్తో కప్పేశాడు. రెండు చేతులూ చాలక, మిగిలినవాటి మీద కళ్లజోడు డబ్బా పెట్టాడు. ఏమోయ్, తలుపేసి ఉన్నప్పుడు రాకూడదని తెలీదా అన్నాడు. ఆ కసురులో బలం లేదు.

"మామూలుగా పావుగంటలో బయటికొస్తారు," అంది పిన్ని. "ఇవాళ ముప్పావుగంట అయింది. అవి దాచకండి, నలుగుతాయి. రోజూ మీ చొక్కా ఉతికేముందు తీసి, ఇస్త్రీ చేశాక మళ్లీ అదే జేబులో అదే వరసలో పెడుతున్నది నేనే."

బాబాయి చేతులు మెల్లిగా చీటీల మీంచి లేచాయి.

"ఎప్పట్నించి తెలుసు నీకు?"

"మీరు ఒకే రోజు రెండుసార్లు కూరలు తెచ్చిన రోజునుంచి. రెండోసారి తెచ్చినవి పక్కింటికి ఇచ్చేశాను."

"నాకు చెప్పలేదేం?"

"మీరు చెబుతారని చూశాను." పిన్ని ఫోనుని రెండో చేతిలోకి మార్చుకుంది. "ఆ షాపాయన్ని ఇక తిట్టకండి. ఆయన ఇల్లు మన ఇంటికి అటు చివర. మిమ్మల్ని దిగబెట్టి, ఎదురు బస్సెక్కి, రోజూ గంట ఆలస్యంగా ఇల్లు చేరుతున్నాడు. ఫోన్లు వదిలి మీతో బయల్దేరలేక, ఆ సాయం అడిగింది నేనే. ఏం మాట్లాడాలి తల్లీ ఆయనతో అంటే, మీకు తెలిసిందే మాట్లాడండి అన్నాను."

బాబాయి తల దించుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని చీమ లేవబోయింది. ఆయన నవ్వుతున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి, నవ్వుతూనే ఉన్నాడు. లెన్సుల మీద ఇప్పుడు నేను పరీక్ష రాయగలను తెలుసా అన్నాడు. పిన్ని వచ్చి కొంగుతో ఆయన కళ్లజోడు తుడిచి, తనే పెట్టింది. ఇన్నాళ్లుగా ఒకే ఇంట్లో ఆయన ఈవిడకి తెలియకూడదని దాస్తే, తెలిసిన సంగతి ఆయనకి తెలియకూడదని ఈవిడ దాచింది. వాళ్లిద్దరి మధ్యలో ఈ స్టూలు మీద తనకేం పని అనిపించి, చీమ గోడవైపు జరిగింది.

పిన్ని తెర మీది ఎర్ర గీత చూసింది. ఆ భాష ఆవిడకి రాదు గానీ, ‘ఒక్క ప్రయత్నం’ అన్న మాట ఏ భాషలోనైనా అర్థమవుతుంది. చీమ రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. గొంతు ఫైలు మిగిలిందనీ, పాస్‌వర్డ్ చేతికి తప్ప నోటికి రావడం లేదనీ, తను అడగబట్టే చేతికీ పోయిందనీ చెబుతూ ఉండగా, పిన్ని చేతిలోని ఫోను మాట్లాడింది. స్పీకర్ ఆపలేదు ఆవిడ. డ్రైవరుగారు ఇందాకటినుంచీ లైన్లోనే ఉన్నాడు.

"ఉన్నారా," అంది ఫోను, పాతికేళ్ల పిన్ని గొంతుతో, మాటకీ మాటకీ మధ్య చిన్న ఎడంతో. "ఏం. చేస్తున్నారు. అక్కడ. ఇంకా. పని. అవలేదా."

పరుపులు ఆనించిన గదిలో, దుప్పటి కప్పిన కిటికీ పక్కన, స్టూలు మీద కూర్చుని ఆ మాటలు చదివిన అమ్మాయి అలా అడిగితే, అప్పట్లో బాబాయి ఏమనేవాడో ఇప్పుడూ అదే అన్నాడు. తల తిప్పి ఫోను వైపు చూస్తూ, మొహమంతా నవ్వుతో అన్నాడు.

"అయిపోయింది. ఇంకొక్క నిమిషం. వచ్చేస్తున్నా."

"కోపం. వస్తోంది. నాకు," అంది ఫోను. డ్రైవరుగారికి హాస్యం ఎక్కువే.

"రావాలి. అది సరిగ్గా వచ్చేదాకా వదల్లేదుగా నిన్ను," అన్నాడు బాబాయి. అంటూనే ఉన్నాడు, కళ్లు ఫోను మీదే ఉన్నాయి, చేతులు మాత్రం కీబోర్డు మీదికి వెళ్లి కొట్టేస్తున్నాయి. ఎవరూ చెప్పలేదు వాటికి. పాత వేగంతో, ఎక్కడా తడబడకుండా, చకచకా.

చీమ మొహం తిప్పుకోవడం మర్చిపోయింది. చెవులు మాత్రం లెక్క మర్చిపోలేదు. తొమ్మిది. పది. పదకొండు.

పన్నెండు.

తనే తప్పు లెక్కపెట్టిందా? ఫోన్లోంచి వచ్చిన చప్పుడా? చుక్కలు లెక్కపెడదామని తెర వైపు చూసింది. ఆ టోకెన్ చుక్కలు కూడా చూపించదు, ఖాళీ గడే కనిపించింది. చివరి ప్రయత్నం. నాలుగు వేల మంది. బాబాయి చిటికెన వేలు ఎంటర్ మీదికి వెళుతోంది. ఆయన మొహంలో పది నెలలుగా కనిపించని నెమ్మది ఉంది. ఆపితే ఆ నెమ్మది పోతుంది. దాంతోపాటు చేతులకి వచ్చిందీ పోతుంది. ఆపకపోతే?

చీమ చెయ్యి చాచింది.

ఆ చేతిని మధ్యలోనే పిన్ని పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. ఆవిడ లెక్కపెట్టలేదు. ఆవిడ అసలు కీబోర్డు వైపే చూడటం లేదు, మొగుడి మొహం చూస్తోంది.

"నొక్కనీ," అంది.

బాబాయి నొక్కాడు.